మీట బరువు : ఒంటితూటా రైఫిల్ చరిత్రలో ఒక అధ్యాయం

1860 జూలై 2వ తేదీన లండన్ సమీపంలోని వింబుల్డన్ మైదానంలో బ్రిటిష్ జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలను విక్టోరియా మహారాణి ప్రారంభించింది. విట్‌వర్త్ రైఫిల్‌ను ఒక ఇనుప పీఠంపై కదలకుండా బిగించి, దాని మీటకు ఒక పట్టుదారం కట్టి, ఆ దారం కొసను రాణి చేతికి అందించారు. ఆమె దారం లాగింది. 400 గజాల దూరంలోని లక్ష్యంపై, కేంద్రానికి ఒకటింబావు అంగుళం దూరంలో గుండు తగిలింది. ప్రేక్షకులు రాణిని అభినందించారు. నిజానికి ఆనాడు అభినందనకు పాత్రమైనది ఆ ఇనుప పీఠం. మీట లాగినప్పుడు తుపాకి కదలకుండా అది పట్టి ఉంచింది.

పీఠం లేని మనిషికి ఆ సౌకర్యం లేదు. అతడు ఊపిరి బిగబట్టి, గురి కుదుర్చుకొని, చిట్టచివరి క్షణంలో చూపుడువేలితో మీటను లాగవలసి ఉంటుంది. లాగటానికి కావలసిన బలం ఎక్కువైతే వేలితోపాటు మణికట్టు బిగుస్తుంది, మణికట్టుతోపాటు గొట్టం పక్కకు జరుగుతుంది. గొట్టం వెంట్రుకవాసి జరిగినా దూరాన గుండు బారెడు తప్పుతుంది. ఆయుధ చరిత్రకారులు గొట్టం పొడవును, గుండు బరువును, అది పోయే దూరాన్ని శ్రద్ధగా నమోదు చేశారు గాని, మీట బరువును అంతగా పట్టించుకోలేదు. అయినప్పటికీ ఆయుధాన్ని ప్రయోగించే మనిషిపై పాలకులకు ఎంత నమ్మకం ఉన్నదో తెలుసుకోవడానికి ఆ చిన్న బరువు ఒక కొలమానంగా ఉపకరిస్తుంది.

వత్తి నుండి గంటు వరకు

భారతదేశంలో శతాబ్దాలపాటు వాడుకలో ఉన్న తోడాదార్ తుపాకికి ఈ సమస్య అంతగా లేదు. అందులో మీట అంటే ఒక పొడవైన తులాదండం మాత్రమే. మీటను పైకి నొక్కిన కొద్దీ, మండుతున్న వత్తిని పట్టుకొన్న కొక్కెం మెల్లగా వంగి మందుగిన్నెను తాకేది. బలమైన స్ప్రింగు లేదు గనుక దాన్ని ఆపి ఉంచవలసిన గంటు కూడా అవసరం కాలేదు. వేలికి శ్రమ తక్కువ, కాలహరణం ఎక్కువ. అక్బరు ఆయుధశాలను వర్ణిస్తూ అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో, వత్తి లేకుండా కేవలం గుర్రాన్ని కొద్దిగా కదిలించినంత మాత్రాన పేలే తుపాకులు తయారయ్యాయని పేర్కొన్నాడు. మీట స్వల్పమైన కదలికతో పనిచేయాలన్న కోరిక పదహారవ శతాబ్దంనాటికే ఈ దేశంలో ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

చెకుముకిరాయి తుపాకి, ఆ తరువాత టోపీ తుపాకి ప్రచారంలోకి రావటంతో పరిస్థితి మారింది. నిప్పు పుట్టాలంటే గుర్రం వేగంగా, బలంగా కొట్టాలి. అందుకు గట్టి స్ప్రింగు కావాలి. ఆ స్ప్రింగు బలాన్ని పట్టి ఉంచటానికి ఒక గంటు, ఆ గంటులో కూర్చునే ఒక ఉక్కు పన్ను ఏర్పడ్డాయి. మీట లాగటమంటే ఆ పన్నును గంటులోనుంచి తప్పించటమే. స్ప్రింగు ఎంత గట్టిదైతే రాపిడి అంత పెరుగుతుంది, మీట అంత బరువవుతుంది. జర్మన్ కమ్మరులు ఇందుకు ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు మీటలు అమర్చి, మొదటిదాన్ని లాగి ఒక చిన్న స్ప్రింగును సిద్ధం చేస్తే, రెండవది ఈకతో తాకినట్లు తాకినా చాలు, ఆ చిన్న స్ప్రింగు పెద్దదాన్ని విడిపిస్తుంది. వేటగాళ్లకు, పందెపు గురికాళ్లకు ఇది వరమైంది. సైన్యాలు మాత్రం సాధారణ సైనికుని తుపాకికి దీన్ని దూరంగానే ఉంచాయి. భుజం భుజం రాసుకొంటూ నడిచే వందలాదిమంది చేతుల్లో అంత తేలికైన మీట శత్రువుకంటె ముందు మిత్రునికే ముప్పు తెస్తుంది.

మార్టిని యంత్రం

ఈ వైరుధ్యం ప్రస్ఫుటంగా కనిపించేది మార్టిని-హెన్రీ రైఫిల్‌లో. 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఈ ఆయుధం ఒకసారికి ఒకే తూటా పట్టే రకానికి చెందినది. అమెరికాకు చెందిన హెన్రీ పీబాడీ రూపొందించిన దిమ్మ పద్ధతిని స్విట్జర్లాండులో స్థిరపడిన ఫ్రెడరిక్ మార్టిని సంస్కరించాడు. ఎడిన్‌బరో నగరపు తుపాకుల నిర్మాత అలెగ్జాండర్ హెన్రీ దానికి ఏడు గాళ్ల గొట్టాన్ని సమకూర్చాడు. మీట వెనుక ఉన్న తులాదండాన్ని కిందికి లాగితే గొట్టం వెనుక ఉన్న ఉక్కుదిమ్మ ముందుభాగం దిగుతుంది, కాలిన తూటా తొడుగు బయటపడుతుంది, లోపలి సూది తనంతట తానే వెనుకకు ఒదిగి సిద్ధమవుతుంది. కొత్త తూటా పెట్టి దండం పైకి లేపితే చాలు. తూటాలో 85 గ్రెయిన్ల మందు, 480 గ్రెయిన్ల సీసపు గుండు ఉండేవి, అంటే సుమారు ఐదున్నర గ్రాముల మందు, 31 గ్రాముల సీసం.

మార్టిని చేసిన ముఖ్యమైన మార్పు, పీబాడీ రైఫిల్‌కు వెలుపల ఉన్న గుర్రాన్ని తొలగించి, దిమ్మ లోపలనే చుట్టల స్ప్రింగును, సూదిని ఇమిడ్చటం. దీనివల్ల సూది ప్రయాణించవలసిన దూరం తగ్గింది. మీట లాగిన క్షణానికి, తూటా పేలిన క్షణానికి నడుమ వ్యవధి చాలా కుదించుకుపోయింది. గురిచూసేవానికి ఇది గొప్ప లాభం. అయితే లాభం వెంట నష్టమూ వచ్చింది. పొడవైన తులాదండాలకు ఆ ఇరుకైన పెట్టెలో చోటు లేదు. గట్టి స్ప్రింగు భారమంతా చిన్న గంటుపై, మీట కొనపై పడింది. ఫలితంగా మీట బరువైంది, లాగుడు గరుకైంది. 1877లో వచ్చిన రెండవ నమూనాలో మీట అమరికను సరళం చేశారు. కాని స్ప్రింగు బలాన్ని తగ్గించటానికి వీలులేదు. రణరంగంలో దుమ్ము, మసి పేరుకొన్నప్పుడు కూడా తూటా తప్పక పేలాలన్నది సైన్యం మొదటి నియమం. గురి సున్నితంగా ఉండటం ఆ తరువాతి మాట.

సైనిక రైఫిళ్ల మీట బరువు ఏ స్థాయిలో ఉండేదో తెలియటానికి, మార్టిని తరువాతి తరానికి చెందిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నిబంధనను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని మీటకు రెండు దశల లాగుడు ఉంటుంది. చివరి దశకు 5 నుండి ఆరున్నర పౌన్ల బలం కావాలి, అనగా సుమారు 2.3 నుండి 3 కిలోలు. రైఫిల్ మొత్తం బరువు 4 కిలోలకు కొంచెం తక్కువ. తుపాకి బరువులో సగానికి మించిన బలాన్ని ఒక్క వేలితో ప్రయోగిస్తూ ఆ తుపాకిని మాత్రం కదలనీయకుండా ఉంచమని సైనికుణ్ణి ఆజ్ఞాపించటమన్నమాట. కవాతు మైదానంలో శిక్షకులు 'లాగవద్దు, పిండు' అని నూరిపోయటంలోని అంతరార్థం ఇదే.

తేలిక చేయటంలో మెలకువ

మీటను సవరించటం ఆయుధకారుల వృత్తిలో సున్నితమైన పని. దాని దోషాలు మూడు. మొదటిది బరువు. రెండవది ఈడ్పు, అంటే పన్ను గంటులోనుంచి జారిపోయేముందు గరగరలాడుతూ ప్రాకటం. మూడవది మిగులు కదలిక, అంటే తూటా పేలిన తరువాత కూడా మీట ఆగకుండా వెనుకకు పోవటం. బరువును కొలిచే పద్ధతి అతి సాధారణమైనది. సిద్ధం చేసిన ఖాళీ రైఫిల్‌ను నిట్టనిలువుగా నిలిపి, మీటకు తూనికరాళ్లు వేలాడదీసి, ఎన్ని పౌన్లకు అది విడివడుతుందో చూస్తారు. ఆ కాలపు పోటీలలో, మీట నియమిత కనిష్ఠ బరువును మోస్తున్నదీ లేనిదీ ఈ విధంగానే పరీక్షించేవారు.

రహస్యమంతా గంటు కోణంలో ఉన్నది. పన్నును తప్పించేటప్పుడు స్ప్రింగు మరికొంత ముడుచుకొనేటట్లు గంటు లోపలికి వాలి ఉంటే మీట బరువుగా ఉంటుంది గాని క్షేమంగా ఉంటుంది. ఆ వాలు వెలుపలికి తిరిగితే స్ప్రింగే పన్నును బయటకు నెట్టడానికి ప్రయత్నిస్తుంది. అప్పుడు మడమ నేలకు తగిలినా తుపాకి పేలవచ్చు. ఈ రెండింటి నడుమ ఉన్న అవకాశం నూలుపోగంత సన్ననిది. పైగా ఆనాటి భాగాలు అనేకం మెత్తని ఇనుముతో చేసి, బొగ్గుపొడిలో కాల్చి, పైపొరను మాత్రమే గట్టిపరచినవి. సానరాయితో నునుపు చేస్తూ ఆ పలుచని పొరను దాటి పోయారంటే కింద మెత్తని లోహం బయటపడుతుంది. ఆ రోజున మీట అద్భుతంగా తేలికవుతుంది. కొన్ని వందల తూటాలు కాల్చేసరికి గంటు అరిగిపోయి రైఫిల్ ప్రమాదకరమవుతుంది. అందువల్ల అనుభవజ్ఞులైన కమ్మరులు రాపిడిని తగ్గించారే గాని కోణాన్ని మార్చలేదు. నునుపు వేరు, సన్నబరచటం వేరు అన్నది వారి వృత్తిధర్మం.

ఎవరి చేతికి ఏ తుపాకి

ఈ నైపుణ్యం ఎవరికి అందుబాటులో ఉండేది అన్న ప్రశ్న భారతదేశానికి వచ్చేసరికి రాజకీయ ప్రశ్నగా మారుతుంది. 1857 మహా సంగ్రామానికి ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు ఒక కారణమైన సంగతి విదితమే. ఆ తరువాత పాలకులు భారతీయ పటాలాలకు ఎన్‌ఫీల్డ్ రూపంలోనే గాళ్లు లేని నున్నని గొట్టపు తుపాకులను తయారు చేయించి ఇచ్చారు. చూడటానికి ఒకటే, దూరం పోయే శక్తి మాత్రం వేరు. ఫిరంగి దళాలను, కొండప్రాంతాలలో పనిచేసే కొన్నింటిని మినహాయించి, భారతీయుల చేతినుండి తొలగించారు. అప్పటినుండి భారతీయ సైనికుని ఆయుధం తెల్ల సైనికుని ఆయుధం కంటె ఒక తరం వెనుకబడి ఉండటం విధానంగా స్థిరపడింది. 1880 జూలై 27న మైవంద్ యుద్ధంలో 66వ బ్రిటిష్ పటాలం మార్టిని-హెన్రీలతో పోరాడగా, వారి పక్కనే నిలిచిన బొంబాయి సైన్యపు భారతీయ పటాలాలవారు పాత స్నైడర్ రైఫిళ్లతో పోరాడారు. ఆ ఓటమిలో ఇరువురి రక్తమూ ఒకే ఎడారిలో ఇంకింది. బ్రిటిష్ సైన్యం 1888లో లీ-మెట్‌ఫర్డ్‌ను స్వీకరించి ముందుకు సాగిన తరువాత, వారు విడిచిన మార్టినిలు భారతీయ పటాలాలకు విరివిగా సంక్రమించాయి.

మార్టిని మీట బరువులో జాతివివక్ష ఉన్నదనటం సరికాదు. ఆ బరువు తెల్లవానికీ నల్లవానికీ ఒకటే. వివక్ష దాన్ని తేలిక చేసుకొనే స్వేచ్ఛలో ఉన్నది. ఇంగ్లండులో స్వచ్ఛంద సైనికుడు, గుమాస్తా, రైతు రైఫిల్ సంఘంలో చేరి, ఊరి తుపాకుల దుకాణంలో తన మీటను సరిచేయించుకొని, పందెంలో తన గురిని పరీక్షించుకొనేవాడు. ఇక్కడ లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం అనుమతి లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకోరాదన్నది. ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. ఆ తీర్మానం వెనుక ఉన్నది ఆయుధదాహం కాదు. ఒక జాతి మొత్తాన్ని నమ్మదగనివారుగా ముద్రవేయటంపై నిరసన అది. చట్టం ఫలితంగా గురివిద్య సంస్థానాధీశుల వేటశాలలకు, సైనిక శిబిరాలకు పరిమితమైంది. 1795లోనే రేమండ్ హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. నేటికీ గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆ పేటకు నిలిచి ఉన్నది. ఆయుధ నిర్మాణానికి అంత పాత వారసత్వం ఉన్న నగరంలో కూడా సామాన్యునికి రైఫిల్ చూసే వస్తువే గాని తాకే వస్తువు కాలేదు.

సరిహద్దు కొలుములు

చట్టం చేయి చాలని చోట ఈ విద్య వేరే రూపంలో బతికింది. వాయవ్య సరిహద్దున కోహట్ కనుమలోని దర్రా ఆదంఖేల్ గ్రామంలో కమ్మరులు ఆకురాళ్లతో, చేతి బరమాలతో మార్టిని రైఫిళ్లకు నకళ్లు తయారుచేశారు. రాణి కిరీటపు ముద్రను సైతం దింపారు. ఇంగ్లీషు చదవలేనివారు కావటంతో కొన్నిటిపై అక్షరాలు తలకిందులయ్యాయి. కాబూలులో అమీర్ అబ్దుర్ రహమాన్ తన కార్ఖానాలో మార్టినిలను చేయించాడు. నేపాలులో జనరల్ గహేంద్ర షంషేర్ పేరుతో ప్రసిద్ధమైన రైఫిల్ బయటికి మార్టినిలాగే కనిపిస్తుంది. లోపల చుట్టల స్ప్రింగుకు బదులు పట్టీ స్ప్రింగు ఉంటుంది. అది చేతిపనితో తయారైనందువల్ల ఒకదాని భాగం మరొకదానికి అతకదు. ప్రతి రైఫిల్ మీటకూ దాని కమ్మరి చేతివాటం ప్రకారం ఒక సొంత స్వభావం ఉంటుంది. 2003లో కాఠ్మాండూలోని లగన్ సిలేఖానా భవనంలో దాచిన ఈ పాత ఆయుధాల నిధి వెలుపలికి వచ్చి విదేశీ సేకర్తల చేతికి చేరింది. శతాబ్దం కిందటి దక్షిణాసియా కమ్మరుల ఆకురాతి గీతలు అప్పుడు ప్రపంచం కంటపడ్డాయి.

యుద్ధం నుండి క్రీడకు

బోయర్ యుద్ధంలో తమ సైనికుల గురి చాలదని గ్రహించిన బ్రిటన్‌లో ఇరవయ్యవ శతాబ్ది ఆరంభాన చిన్న రైఫిళ్ల సంఘాలు వెల్లువెత్తాయి. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ మార్టిని పద్ధతినే చిన్నదిగా చేసి .22 తూటాకు అమర్చింది. మీట సమస్యకు అసలైన పరిష్కారం ఇక్కడ దొరికింది. చిన్న తూటాను పేల్చటానికి చిన్న దెబ్బ చాలు. చిన్న దెబ్బకు మెత్తని స్ప్రింగు చాలు. స్ప్రింగు మెత్తనైతే గంటుపై భారం తగ్గి, కోణాన్ని ప్రమాదపు అంచుకు నెట్టకుండానే మీట తేలికవుతుంది. పేలుడుకు పట్టే వ్యవధి అతి స్వల్పం కావటమనే మార్టిని సహజగుణం దీనికి తోడైంది. సైన్యం విడిచిన యంత్రం మరో అర్ధశతాబ్దం పందెపు మైదానాలను ఏలింది. ఆస్ట్రేలియాలో పాఠశాల విద్యార్థుల కోసం చేయించిన .310 మార్టినిలు కూడా ఆ తరువాత పౌరుల చేతికి వచ్చి, కొత్త గొట్టాలతో గురిపందాలలో, వేటలో కొనసాగాయి.

భారతదేశంలో ఈ ద్వారం స్వాతంత్ర్యంతోనే తెరుచుకొన్నది. 1948లో ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోర్ ద్వారా .22 రైఫిల్ కళాశాల విద్యార్థుల చేతికి వచ్చింది. ఒక్కొక్క తూటా పెట్టి, మొదటి లాగుడు, రెండవ లాగుడు అంటూ మీటపై అదుపు నేర్చుకొన్నవారు దేశంలోని మారుమూల పట్టణాలలో సైతం కనిపిస్తారు. 1951లో లోక్‌సభ తొలి స్పీకరు జి.వి. మవలంకర్ చొరవతో భారత జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో హరిహర్ బెనర్జీ, సౌరెన్ చౌధురీ భారతదేశం తరఫున గురిపోటీలలో పాల్గొన్నారు. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చి, వలసనాటి చట్టం స్థానాన్ని ఆక్రమించింది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణపతకం, 2012లో లండన్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ అదే అంశంలో కాంస్యపతకం సాధించారు. వారు వాడినవి కూడా ఒకసారికి ఒకే గుండు పట్టే రైఫిళ్లే. అటువంటి రైఫిల్ మీటను వంద గ్రాముల పరిసరాలలోని ఒత్తిడికి సవరించుకోవచ్చు. వలసనాటి సైనికుని వేలిపై ఉంచిన బరువులో అది ఇరవయ్యవ వంతు కంటె తక్కువ.

గీతలే సాక్ష్యాలు

పురాతన ఆయుధాల పట్ల ఆసక్తి పెరుగుతున్న ఈ రోజులలో, పాత రైఫిల్‌ను మెరుగుపరచాలన్న ఉత్సాహానికి కొంత వివేకం తోడు కావలసి ఉన్నది. పందెంలో వాడే కొత్త తుపాకి మీటను అర్హుడైన ఆయుధకారుడు తేలిక చేయటం ఉచితమే. నూట యాభై ఏళ్ల నాటి మార్టిని విషయం అలా కాదు. దాని పైపొర ఇంకెంత మిగిలి ఉన్నదో కంటికి కనిపించదు. పైగా గంటుపై ఉన్న ప్రతి గీతా ఒక చారిత్రక ఆధారం. బర్మింగ్‌హామ్ యంత్రం గీసిన గీత వేరు, పటాలపు ఆయుధకారుడు సానరాయితో గీసిన గీత వేరు, దర్రా కమ్మరి ఆకురాయి గీత వేరు. నునుపు చేసినవాడు ఈ మూడింటినీ ఒక్కసారిగా చెరిపివేస్తాడు. వస్తుప్రదర్శనశాలల సంరక్షకులు తుప్పును ఆపుతారే గాని యంత్రాన్ని సవరించకపోవటానికి కారణం ఇదే.

ఇనుప పీఠానికి కట్టిన పట్టుదారం నుండి హైదరాబాదు యువకుని చూపుడువేలి వరకు సాగిన ఈ చరిత్ర స్థూలంగా యంత్రపు చరిత్రగా కనిపిస్తుంది. మీటను బరువు చేసినవారు ప్రమాదానికి భయపడ్డారు. ఆ భయం సహేతుకమైనదే. కాని ఆ బరువును తగ్గించుకొనే విద్యను, అవకాశాన్ని కొందరికే కట్టబెట్టటంలో ఉన్నది యంత్రధర్మం కాదు, పాలకనీతి. గంటు కోణాన్ని ఏ మేరకు ఉంచాలో తెలిసిన కమ్మరి భద్రతనూ గురినీ ఏకకాలంలో సాధించాడు. ప్రజలను ఏ మేరకు నమ్మాలన్న విషయంలో అటువంటి సమతుల్యం ఈ దేశ చట్టాలలోకి రావటానికి 1878 నుండి 1959 వరకు ఎనభై ఒక్క సంవత్సరాలు పట్టింది.